రెండు పేర్ల కువైటాయన

కువైటాయన చచ్చిపోయాడని మా అటెండరు టీ గ్లాసు టేబుల్ మీద పెడుతూ చెప్పాడు.

"బేస్తవారం పోయినాడంట సార్. గార్లదిన్నె పక్క క్వారీలో కంకర కొడ్తా ఉండె గదా, ఆడనే కూలబడినాడంట."

చెప్పి, మిగిలిన గ్లాసులు పట్టుకుని పక్క సెక్షన్‌కి వెళ్లిపోయాడు.

నిజం చెప్పేస్తాను. మొదట నాకు అనిపించింది, హమ్మయ్య అని. ఇక నా టేబుల్ ముందుకొచ్చి "ఆడైతేనా సార్" అనేవాడు లేడు. ఆ తర్వాత టీ తాగాను. చక్కెర ఎక్కువైందని అటెండరు మీద అరిచాను కూడా.

ఆయన పేరు రాయను. ఆయనకు రెండు పేర్లుండేవి. ఆ రెండింటి మధ్య పెట్టే మేము ఆయన్ని నలిపేశాం. ఇప్పుడు ఏ పేరు రాసినా మరో పేరుకు అన్యాయమే. ఆఫీసు ఏ ఊరిదో కూడా చెప్పను. అప్పట్లో తాలూకా ఆఫీసు అనేవాళ్లం, ఇప్పుడు మండలాఫీసు అంటున్నాం, నేను ఇంకా అందులోనే జీతం తీసుకుంటున్నాను. ఆయన మళ్లీ కువైట్ పోలేకపోయాడు. అది విధి అనీ కరువు అనీ ఊళ్లో ఏవేవో అన్నారు. విధీ కాదు, కరువూ కాదు, నేను.

కరణాలనీ మునసబులనీ తీసేసిన యేడు అది. పల్లెల రికార్డులన్నీ ఎర్రగుడ్డల్లో మూటలు కట్టి మా ఆఫీసులో గుట్టగా పడేశారు. ఎవరు ఎవరో చెప్పగలిగిన కరణం ఇంట్లో కూర్చున్నాడు. చెప్పాల్సిన మేమేమో ఆ మూటల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాం. ఎండాకాలం, కరువు పనుల కోసం వచ్చిన జనం వరండా నిండా. ఆ జనంలో నల్ల బూట్లు, తెల్ల మేజోళ్లు వేసుకుని, పొడుగు చేతుల చొక్కాకి మణికట్టు దగ్గర కూడా గుండీలు పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటే ఎవరికి నవ్వు రాదు చెప్పండి?

చేతిలో జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచీ. అందులో కాగితాలు. తీసేటప్పుడు కాగితాన్ని రెండు అంచులా వేళ్ల కొసలతో పట్టుకునేవాడు, అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెను పట్టుకున్నట్టు. మాట్లాడే ముందు గొంతు సవరించుకునేవాడు. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చునేవాడు. కూర్చోమనేవాళ్లం కాదులెండి, అది వేరే సంగతి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన లైన్లో నిలబడటం ఒక్కటీ ఒక ఎత్తు. మా ఆఫీసులో లైను అనేది లేదు. కిటికీ ఉంటుంది, జనం ఉంటారు, ఎవడి చెయ్యి ముందు లోపలికి వస్తే వాడిది పని. ఈయన మాత్రం ముందున్న మనిషికి మూరెడు దూరంలో ఆగి నిలబడేవాడు. ఆ మూరెడు సందులోంచి ప్రపంచమంతా దూరిపోయేది. సర్పంచులు దూరేవారు, చంకలో బిడ్డతో ఆడవాళ్లు దూరేవారు, బెళుగుప్ప బస్సుకు టైమైందని ఒకడు, అసలు పనే లేనోడు ఇంకొకడు. ఈయన ఒక అడుగు వెనక్కి వేసి వాళ్లకు చోటిచ్చేవాడు. పొద్దున పదికి వచ్చిన మనిషి మధ్యాహ్నం కిటికీ మూసేటప్పటికి, వచ్చినప్పటికంటే వెనకున్న రోజులున్నాయి.

ఒకరోజు మా అటెండరు ఒక పని చేశాడు. ఖాళీ స్టూలు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఈ చోటు ఒకాయనదప్పా, ఇప్పుడే వస్తాడు, నువ్వు యెనకుండు" అన్నాడు. ఈయన తలూపి స్టూలు వెనక నిలబడ్డాడు. గంట, రెండు గంటలు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. స్టూలు ఉంది, స్టూలు వెనక ఈయన ఉన్నాడు. లోపల మేం నలుగురం టేబుళ్ల మీద తలలు పెట్టుకుని కడుపు నొప్పొచ్చేట్టు నవ్వాం. నేను కిటికీలోంచి తొంగి చూసి, "ఏమప్పా, నీ ముందరోడు ఇంకా రాలేదా?" అని అడిగాను. "వస్తాడంట సార్. ఉంటా" అన్నాడు.

ఆయనకు కావలసింది ఒకే ఒక్క కాగితం. పల్లె రికార్డుల్లో, రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో ఆయనకు ఉన్నది నాయన పెట్టిన పేరు. చర్చిలో పాదిరి పెట్టిన పేరు ఇంకొకటి. మొదటిసారి కువైట్ పోయినప్పుడు బొంబాయి ఏజెంటు ఈయన్ని నీ పేరేంటని అడిగితే ఆదివారం పేరు చెప్పాడు. ఏజెంటు అదే రాశాడు. పన్నెండేళ్లు ఆ పేరుతోనే అక్కడ వండాడు, తిన్నాడు, తిట్లు తిన్నాడు. ఇప్పుడు పాస్‌పోర్టు గడువు అయిపోవస్తోంది. కొత్తది ఇవ్వాలంటే ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని తహశీల్దారు సంతకంతో కాగితం తెమ్మన్నారు. కువైట్ వదిలి ఆరు నెలలయ్యేలోపు తిరిగి అక్కడ కాలు పెట్టకపోతే అక్కడి వీసా చచ్చినట్టే. నా దగ్గరికి వచ్చేసరికి అందులో మూడు నెలలు పోయాయి.

"ఆడనే, మనోళ్ల ఎంబసీలోనే చేయించుకొని రావల్సిందప్పా" అన్నాను ఒకసారి.

"నా జతగాడు కూడా అదే చెప్పినాడు సార్. నేనే ఇనలేదు. మన ఊరికి పోతే మనోళ్లుంటారు, నన్ను ఎరిగినోళ్లుంటారు, ఒక్క దినంలో అయిపోతాది అనుకొని వచ్చినా."

అరగంట పని. నేను నాలుగు వాక్యాలు రాసి లోపల పెడితే తహశీల్దారు చూడకుండా సంతకం చేసేవాడు. ఎందుకు రాయలేదంటే, లంచం కోసం అనుకునేరు. లంచం అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఇచ్చేసి పోయేవాడు. నాకు ఆయన నోరు నచ్చలేదు, అంతే.

"ఆడ కరెంటు పోదు సార్" అనేవాడు, ఫ్యాను ఆగిన ప్రతిసారీ. మా హెడ్ క్లర్కు కిటికీలోంచి ఆకు ఉమ్మి తల లోపలికి తీసుకోగానే, "ఆడ ఆఫీసులో ఉమ్మరు సార్" అనేవాడు. రేపు రమ్మన్నామనుకోండి, "ఆడ గూడా రేపు రమ్మంటారు సార్, బుక్రా అంటారు. కానీ ఆ రేపు వస్తాది" అనేవాడు. ఎగతాళి చేస్తే పళ్లు రాలగొట్టొచ్చు. ఎగతాళి కాదు. మనకు తెలియదేమో, చెబితే బాగుపడతామేమో అన్నట్టు మెల్లగా చెప్పేవాడు. ఒళ్లు మండేది అందుకే.

ఆఫీసు ఎదురు టీ కొట్టులో ఆయనకు ఒక జోడు దొరికాడు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి, మస్కట్‌లో లారీ తోలే మనిషి. ఇద్దరూ బెంచీ మీద చేరారంటే ఎవడి దేశానికి వాడు మంత్రి.

"మస్కట్లో కారు మురికిగా ఉంటే పోలీసోడు ఆపుతాడప్పా. కడుక్కో పో అంటాడు."

"కువైట్లో ఆస్పత్రిలో కార్డు చూపిస్తే చాలన్నా. మందులు చేతిలో పెడతారు."

"మీవి సముద్రం నీళ్లు కాంచినవి గదా, తాగేకి."

"కాంచినా కొళాయిలో వస్తాయి గదన్నా. బుక్కరాయసముద్రంలో ఇంత చెరువు పెట్టుకొని ఈడ బిందె నీళ్లకి కొట్టుకు చస్తాండాం."

పక్క బెంచీ మీద నేను ఉన్నానని తెలిసే అన్నారో, తెలియకో. ఇంతలో మస్కటాయన అడిగాడు, "నీ కాగితమాయనా?" అని.

"లేదన్నా. లైన్లో ఉండా."

"నాది నిన్ననే అయిపాయ. వచ్చినా, ఇచ్చినా, తీసుకున్యా. ఆడ లైన్లో నిలబడప్పా, ఎవరొద్దంటారు? ఈడికొచ్చినాక కిటికీలో చెయ్యి పెట్టల్ల."

"అందరూ అట్లంటే ఈడ లైనెప్పుడొస్తాదన్నా?" అన్నాడు ఈయన.

మస్కటాయన పకపకా నవ్వాడు. ఈయన నవ్వలేదు. నిజంగానే అడిగాడు మహానుభావుడు!

జూన్ పోయింది. వాన రాలేదు, శెనక్కాయ విత్తనం ఇళ్లలోనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, తోచక, ఆయన్ని లోపలికి పిలిచాను. ఫైలు ముందేసుకుని అడిగాను.

"అంత గొప్ప దేశంలో నువ్వు చేసే పనేందప్పా?"

"వంట సార్. ఒక అరబ్బు ఇంట్లో."

"మర్యాదగా చూస్తారా?"

ఆలోచించాడు. అబద్ధం చెబుతాడని ఎదురుచూశాను.

"లేదు సార్. తిడ్తారు. ఒకసారి చెప్పు ఇసిరినాడు. వంటింట్లో కింద కూర్చొని తింటా. పాస్‌పోర్టు గూడా వాళ్ల బీరువాలోనే పెట్టుకుంటారు."

"మరి ఏం చూసుకొని పొద్దస్తమానం ఆడ ఆడ అని మా తల తింటావు?"

గొంతు సవరించుకున్నాడు.

"ఒకసారి అకామా కాగితం, అంటే ఆడ ఉండేకి పర్మిట్టు, దాని కోసం ఆఫీసుకు పోయినా సార్. లైన్లో నిలబడినా. యెనక్కి తిరిగి చూస్తే మా యజమాని తమ్ముడు. నా యెనక. ముందుకు రా బాబా అని తప్పుకున్యా. ఆయన వద్దని చెయ్యి ఊపినాడు. నువ్వు ముందొచ్చినావు గదా, నిలబడు అన్న్యాడు. పది నిమిషాలు సార్. నా యెనకనే నిలబడినాడు."

మళ్లీ ఆయనే అన్నాడు. "మా పల్లెలో బోరింగు కాడ మా బిందె పెట్టినాక ఊళ్లోళ్లు ఎవరొచ్చినా తీసేయల్ల సార్. మా అమ్మ తీసింది, మా ఆడది ఇప్పటికీ తీస్తాంది. ఆ పది నిమిషాల కోసం చెప్పు దెబ్బ తిన్నా ఫర్వాలేదు, పోతా."

మా అమ్మ బిందె ఏ రోజూ బోరింగు దగ్గర ఆగలేదు. ఎవరి బిందె తీస్తే మా బిందె నిండిందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మనిషి నా మొహం మీద కొట్టలేదు, నా పేరెత్తలేదు, నా కులం అడగలేదు. ఉన్నది చెప్పాడు. సిగ్గు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. చెవులు కాలిపోయినంత కోపం.

ఫైలు తిరగేశాను. "నీ ఇంటి స్థలం పట్టా ఏ పేరు మీదుండాది?"

"నాయన పెట్టిన పేరు మీద సార్."

"ఏమని ఇచ్చినారు?"

"హరిజనులకని ఇచ్చినారు."

"పాస్‌పోర్టులో ఉండేది కిరస్తానీ పేరు. ఈ ఇద్దరూ ఒకడేనని నేను రాసిస్తే, హరిజనుడికి ఇచ్చిన స్థలంలో కిరస్తానీ ఉండాడని సర్కారే ఒప్పుకున్నట్టు. అప్పుడు పట్టా చెల్లదు. ఇల్లు కావాల్నో, కువైట్ కావాల్నో ఆలోచన చేసుకొని రాపో."

ఊరికే అన్నాను. ఆయన ఉండే వీధిలో సగం ఇళ్లు ఆదివారం చర్చికి పోతాయి, సోమవారం నుంచి రికార్డు పేర్లతో తిరుగుతాయి. అది తెలియని వాడు తాలూకాలో లేడు. ఎవరి స్థలమూ ఎవరూ రద్దు చేయలేదు. అసలు రూలు అట్లా ఉందో లేదో పుస్తకం తెరిచి చూసిన పాపాన కూడా పోలేదు నేను. ఆ మొహం వాడిపోతే చూడాలనిపించింది. వాడిపోయింది. చూశాను. తృప్తిగా ఇంటికి పోయి అన్నం తిన్నాను.

పదకొండు రోజులు ఆయన రాలేదు. తిక్క కుదిరిందిలే అనుకున్నాం. పన్నెండో రోజు పొద్దున్నే బూట్లు, మేజోళ్లు, ప్లాస్టిక్ సంచీ. కిటికీ దగ్గర మూరెడు దూరంలో నిలబడ్డాడు. వంతు వచ్చేదాకా ఉండి ఒక అర్జీ ఇచ్చాడు. బయట అర్జీలు రాసే ఆయనతో రాయించాడు. తాను క్రైస్తవుడైనందున హరిజనుల కింద పట్టా పొందుట పొరపాటు అనీ, స్థలమును ప్రభుత్వమునకు అప్పగించుచున్నాననీ, తన రెండు పేర్లూ ఒకటేనని సర్టిఫికెట్ ఇప్పించ ప్రార్థన అనీ. కింద వేలిముద్ర కాదు, ముద్దు ముద్దుగా రెండు సంతకాలు, రెండు పేర్లతో.

మూడుసార్లు చదివాను.

"ఏందప్పా ఇది? పిచ్చి పట్టిందా?"

"నువ్వే చెప్తివి గద సార్. రూలంటే రూలే గదా. ఆడ గూడా అంతే. తప్పు మనంతట మనం ఒప్పుకుంటే పెద్ద శిక్ష ఎయ్యరు."

"ఇంట్లో అడిగినావా?"

"దానికి చెప్పలేదు సార్. చెప్తే ఏడుస్తాది. ఆడికి పోయి నాలుగు దుడ్లు పంపిచ్చి, ఇంకో స్థలం కొన్యాక చెప్తా."

ఇక్కడ ఆగి చెప్పాలి. ఆ కాగితం నా చేతిలో ఉంది. ఇంకా ముద్ర పడలేదు, నంబరు పడలేదు. చించి చెత్తబుట్టలో పారేసి, "పోరా పిచ్చోడా, నేను ఊరికే అన్న్యా" అని తిట్టి, ఆ నాలుగు వాక్యాలు రాసి ఇచ్చేస్తే అయిపోయేది. అలా చేస్తే నేను ఊరికే అన్నానని వాడికి తెలిసిపోతుంది గదా! అందుకే ముద్ర వేశాను. నంబరు వేశాను. "పట్టా సంగతి తేలినాక సర్టిఫికెట్ ఇస్తాం" అన్నాను. మా ఆఫీసులో ఏదీ తేలదు, నెలో రెండు నెలలో మూలపడి ఉంటుంది, వాడే విసిగి అర్జీ వెనక్కి అడుగుతాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

ఒక ముసలావిడ విధవ పింఛను కాగితం మా దగ్గర ఏడాదిన్నర పడి ఉంది. పిల్లల కులం సర్టిఫికెట్లు మేం ఇచ్చేలోపు బడులు తెరిచి మళ్లీ మూసేసేవారు. ఈ ఒక్క అర్జీ మాత్రం లేచి నడిచింది. ఆ స్థలం రోడ్డు పక్కది, అక్కడ అంగడి పెట్టాలని పలుకుబడి ఉన్న ఒకాయన ఎప్పటి నుంచో కన్నేశాడట. ఎవరు ఎవరికి చెప్పారో, పొద్దున ఒక టేబుల్ మీదున్న కాగితం సాయంత్రానికి ఇంకో టేబుల్ మీద. తహశీల్దారు జీపులో పోయి చూసొచ్చాడు. పట్టా రద్దు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి అని టైపు కొట్టిన ఉత్తర్వు నా టేబుల్ మీదికి వచ్చేసింది. సర్టిఫికెట్ ఆ తర్వాత ఎప్పుడో ఇచ్చాం. అప్పటికి ఆయన ఆరు నెలలూ గడిచిపోయాయి, దానితో ఎవరికీ పని లేదు.

ఉత్తర్వు తీసుకోవడానికి ఆయన పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. కాగితం వచ్చిందని అటెండరుతో కబురు పంపాం, ఏ కాగితమో చెప్పలేదు. ఆవిడ వరండా మెట్ల మీద నెత్తిన కొంగేసుకుని కూర్చుంది. ఈయన లోపలికి వచ్చి రెండు చేతులతో కాగితం అందుకుని, ఇంగ్లీషు కాబట్టి నన్నే చదివి చెప్పమన్నాడు. చదివి చెప్పాను. కళ్లెత్తకుండా చెప్పాను.

ఏడుస్తాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. ఆయన కాగితం మీద తేదీ ఉన్న చోట వేలు పెట్టాడు.

"నేను అర్జీ ఇచ్చింది ఎప్పుడు సార్?"

"పోయిన సోమవారం."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండేళ్లు ఊరి పరువు కోసం ఎదురుచూసిన వాడిలా, మా ఆఫీసు నాలుగు గోడలూ, మూటలూ, మేమూ, అన్నీ ఒకసారి చూశాడు.

"ఏడు దినాలు సార్! ఆడ గూడా ఇంత జల్దీ కాదు. ఇంటి కాగితమంటే ఆడ నెల పడతాది. మనోళ్లు చెయ్యల్లనుకుంటే చేస్తారు సార్."

ఎగతాళి కోసం ఆ మొహమంతా వెతికాను. లేదు. నిజంగా సంబరపడ్డాడు.

మెట్ల మీద నుంచి ఆ మొహం చూసిన ఆవిడ పరుగున లోపలికి వచ్చింది. "కాగితమొచ్చెనా? అయిపాయనా?" అని ఆయన్ని అడిగింది. ఆయన కాగితాన్ని సంచీలో పెట్టి జిప్పు లాగాడు. "వచ్చింది" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, కొంగు తీసి రెండు చేతులూ జోడించింది.

"నీ కడుపు సల్లగుండ సార్. మమ్మల్ని ఒక దోవన పెడ్తివి."

ఆవిడ అంతసేపు చేతులు దించకుండా నిలబడితే, నేను కూడా దండం పెట్టాను. తర్వాత భోజనం టైమైందని కిటికీ మూసేశాను.